నునుపు వెనుక నుసి

కొత్త రంగు వేయించుకున్న కారును యజమాని ఎండలో నిలబెట్టి చూసుకుంటాడు. మెరుపు బాగుంటే రంగును మెచ్చుకుంటాడు, రంగు కంపెనీని మెచ్చుకుంటాడు, మహా అయితే స్ప్రే గన్ పట్టిన పెయింటరును మెచ్చుకుంటాడు. అంతకుముందు రోజుల తరబడి ఆ రేకును రుద్ది నునుపు చేసిన వాడి ప్రసక్తి రాదు. నిజానికి రంగు చల్లడం గంటల పని; దానికి ముందు పాత రంగును, లప్పాన్ని, ప్రైమరును రుద్దడం రోజుల పని. రంగు ఎన్నేళ్లు నిలుస్తుందో, ఎక్కడ పొట్టు రేగుతుందో నిర్ణయించేది ఆ రాపిడియే. హైదరాబాదు కార్ఖానాలలో ‘ఘిసాయి’ అని పిలిచే ఈ పనిని గురించి, ఆ పనిలో అరిగిపోతున్న మనుషులను గురించి ఈ నెల మాట్లాడదలచాము.

ఇది మైనారిటీ హక్కుల పత్రికలో చర్చించవలసిన విషయమేనా అని కొందరు పాఠకులకు సందేహం రావచ్చు. రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, స్కాలర్‌షిప్పులు చర్చించే చోట ఎమరీ కాగితానికి ఏమి పని? 2006 నవంబరులో ప్రధానమంత్రికి సమర్పించిన సచార్ కమిటీ నివేదికను మళ్లీ తిరగవేస్తే సమాధానం అక్కడే దొరుకుతుంది. ముస్లిం శ్రామికులు జీతపు ఉద్యోగాలలో తక్కువగా, స్వయం ఉపాధిలో, చిన్న చిన్న కార్ఖానాలలో ఎక్కువగా ఉన్నారని, వాహనాల మరమ్మతు వారు అధికంగా ఆధారపడిన రంగాలలో ఒకటని ఆ నివేదిక చెప్పింది. విజయవాడ జవహర్ ఆటోనగర్, హైదరాబాద్ ఆటోనగర్, గుంటూరు, గాజువాక, ఆ మాటకొస్తే ఏ జిల్లా కేంద్రంలోనైనా డెంటింగ్, పెయింటింగ్ షెడ్ల వరుసలో నడిస్తే ఈ మాట కళ్లకు కనబడుతుంది. హక్కు అనేది అసెంబ్లీలో చేసే చట్టంతో పూర్తి కాదు. పనిచేసే చోట పీల్చే గాలి దాకా రావాలి.

పనిలోని విద్య

ముందుగా ఈ పని ఏమిటో సరిగా గ్రహించాలి. చూసేవారికి ఇది కాగితంతో రుద్దడమే. చేసేవారికి ఇది ఒక క్రమం. కారును సబ్బునీటితో కడిగి, మైనమూ జిడ్డూ తుడిచిన తరువాతే కాగితం తాకాలి. జిడ్డు ఉండగానే రుద్దితే అది గీతలలోకి దిగి, పైన రంగు చేపకళ్లలాగా విడిపోతుంది. సొట్ట పడిన చోట డెంటర్ రేకును సరిచేశాక లప్పం పెడతారు. దానిని 80 నంబరు కాగితంతో ఆకారానికి తెచ్చి, 120, 180లతో గీతలు తగ్గిస్తారు. పాత రంగుకూ రేకుకూ మధ్య మెట్టు తెలియకుండా అంచును 220, 320లతో పలచబరుస్తారు. ప్రైమరు ఆరిన తరువాత 400 నుంచి 600 వరకు, మెటాలిక్ రంగులైతే 800 వరకు వాటర్ పేపరు పడుతుంది. ఒక నంబరు నుంచి మరీ దూరపు నంబరుకు దూకితే ముందరి గీతలు పోవు. నెల తరువాత మెరుపు కింద నుంచి అవి పైకి తేలుతాయి.

వేళ్లతో నొక్కి రుద్దితే వేళ్ల ఆకారంలో గాళ్లు పడతాయి కనుక కాగితం వెనుక చెక్కదో రబ్బరుదో దిమ్మ ఉండాలి. ప్రైమరుమీద వేరే రంగు పలచగా చల్లి రుద్దితే, రంగు మిగిలిపోయిన చోటల్లా పల్లం ఉన్నదని తెలుస్తుంది. అనుభవం గల ఉస్తాద్‌కు అదీ అవసరం ఉండదు. కళ్లు మూసుకొని అరచేయి నిమిరి, ఎక్కడ వెంట్రుకవాసి ఎత్తు ఉన్నదో చెబుతాడు. రేకు బయటపడితే ఆలస్యం చేయకుండా ప్రైమరుతో కప్పాలని, లేకుంటే తుప్పు మొదలవుతుందని అతనికి ఎవరూ పుస్తకంలో చూపలేదు. ఇది చదువు కాదని, విద్య కాదని ఎవరనగలరు? ఇనుమును మెత్తబరచి కవచాలు చేసే నేర్పు దావూద్ ప్రవక్త (అ)కు దేవుడు ప్రసాదించాడని దివ్య ఖుర్‌ఆన్ తెలుపుతుంది. లోహంతో పనిచేసే చేతిని తక్కువగా చూసే సంప్రదాయం మనది కాదు.

నుసిలో ఏమున్నది

ఇంత విద్య గల పనికి ఇంత నిర్లక్ష్యం ఎందుకు జరుగుతున్నదో ఇక చూడాలి. రుద్దినప్పుడు లేచే నుసి వట్టి మట్టి కాదు. లప్పంలో టాల్కు వంటి ఖనిజపు పొడి ఉంటుంది. పాత రంగులో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు రంగులలో సీసమూ క్రోమియమూ గల వర్ణకాలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. ఆటోలకూ స్కూలు బస్సులకూ పసుపు రంగే. వాణిజ్య వాహనాలకు ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఆ పరీక్షకు ముందు బండిని రుద్ది రంగు వేయించడం మామూలే. కనుక ఒకే షెడ్డులో ఏడాది పొడుగునా పాత పసుపు నుసి అవుతూనే ఉంటుంది.

సీసం రక్తాన్ని, నరాలను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు అది మరింత ప్రమాదం. వారి విషయంలో సురక్షితమని చెప్పదగిన సీసం స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. కొన్ని రకాల క్రోమియం సమ్మేళనాలు ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమవుతాయి. గట్టిపడే ద్రవం కలిపి వాడే నేటి రంగులలో ఐసోసయనేట్లు ఉంటాయి. ఇవి వృత్తిరీత్యా వచ్చే ఉబ్బసానికి పేరుమోసిన కారణాలు. చల్లేటప్పుడే కాదు, పూర్తిగా ఆరని పొరను రుద్దినా ముప్పే. ఒకసారి ఒంటికి పడని స్థితి వచ్చిందంటే ఆ తరువాత కొద్దిపాటి సోకుడుకే ఊపిరి అందదు. పెయింటరు వృత్తినే మనుషులలో క్యాన్సరు కలిగించే వాటి మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది. ఇవన్నీ శాస్త్రలోకానికి కొత్త విషయాలు కావు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకొని పనిచేస్తున్నవాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ నుసి షెడ్డులోనే ఆగిపోదు. చొక్కా మీద, గడ్డంలో, జుట్టులో ఇంటికి వస్తుంది. నాన్న రాగానే ఎదురువెళ్లి మెడకు చుట్టుకునే బిడ్డ దానిని పీలుస్తుంది. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతికే ఇల్లాలి చేతికి అంటుతుంది. అందుకే ఇది ఒక్క కార్మికుడి సమస్య కాదు, ఇంటిల్లిపాదిదీ.

చట్టం ఎక్కడ ఆగిపోయింది

రంగులలో సీసం గురించి దేశంలో నియమాలే లేవా అంటే, ఉన్నాయి. 2016లో చేసిన నియమాల ప్రకారం 2017 నవంబరు 1 నుంచి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదు. కాని ఆ నియమాలు గృహ, అలంకరణ రంగులకు మాత్రమే పరిమితం. వాహనాల రంగులు ఆ గీతకు అవతల ఉండిపోయాయి. గోడకు వర్తించే జాగ్రత్త ఆటోకు వర్తించకపోవడానికి ఆరోగ్యశాస్త్రంలో ఏ కారణమూ లేదు. పైగా గోడకంటే ఆటోనే తరచుగా రుద్దుతారు.

వృత్తివ్యాధులకు పరిహారం కూడా కాగితం మీద ఉన్నది. 1923 నాటి పరిహార చట్టపు మూడవ అనుబంధంలో సీసం, క్రోమియం వల్ల కలిగే జబ్బులు, పనిచోటి పదార్థాల వల్ల వచ్చే ఉబ్బసం చేరి ఉండేవి. 2020 సామాజిక భద్రతా స్మృతి కూడా వృత్తివ్యాధులకు ఒక అనుబంధాన్ని కేటాయించింది. అయితే పరిహారం కోరాలంటే ముందు తాను ఫలానా చోట పనివాడినని రుజువు చేసుకోవాలి. హాజరు పుస్తకం లేదు, జీతపు చీటీ లేదు, నియామక పత్రం అసలే లేదు. శనివారం చేతిలో పెట్టే నోట్లకు సాక్ష్యం ఎవరు? ఈఎస్ఐ వర్తించాలంటే సాధారణంగా పది మంది పనివారు ఉండాలి. మన షెడ్లలో ముగ్గురో నలుగురో ఉంటారు. అదే 2020 స్మృతిలో ఒక వెసులుబాటు ఉన్నది. ప్రమాదకరమైన వృత్తిగా కేంద్రం ప్రకటిస్తే ఒక్క పనివాడు ఉన్న చోటుకైనా ఈఎస్ఐ వర్తింపజేయవచ్చు. వాహనాల రాపిడి, స్ప్రే పెయింటింగ్ పనులను ఆ జాబితాలో చేర్చాలని అడగడం మన ఉద్యమాల కోర్కెల పత్రంలో ఎందుకు ఉండకూడదు?

నైపుణ్యం విషయంలోనూ ఇదే తీరు. 2023 సెప్టెంబరులో మొదలైన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. కమ్మరి, కంసాలి, దర్జీ, మంగలి, తాళాలు చేసేవారు ఉన్నారు, సంతోషమే. పనిముట్లకు 15,000 రూపాయలు, రెండు విడతలుగా మూడు లక్షల వరకు తక్కువ వడ్డీ రుణం ఆ పథకం ఇస్తున్నది. కారు రేకును సరిచేసి రుద్ది రంగు వేసేవాడు ఆ పద్దెనిమిదిలో లేడు. ఇతని పని తాతల నాటి కులవృత్తి కాకపోవచ్చు. కాని ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరి, చేతితో నేర్చి, చేతితో బతికే వృత్తి కాదా ఇది?

చోటూ వయసు ఎంత?

అన్నిటికంటే బాధాకరమైన విషయానికి వస్తున్నాము. షెడ్డులో కొత్తగా చేరిన పిల్లవాడికి మొదట అప్పగించే పని రాపిడే. పేరు ఏదైనా అతనిని చోటూ అనే పిలుస్తారు. గన్ ఇవ్వరు, రంగు కలపనివ్వరు. కాగితం ఇచ్చి రుద్దమంటారు. అంటే ఎదిగే ఊపిరితిత్తులకు అందరికంటే ఎక్కువ నుసి అందుతున్నదన్న మాట. 1986 బాలకార్మిక చట్టం కింద నిషేధించిన పనుల జాబితాలో వాహనాల మరమ్మతును చేర్చినప్పుడు వెల్డింగు, లేతు పనులతో పాటు సొట్టలు తీయడం, రంగు వేయడం అని పేరుపెట్టి మరీ రాశారు. 2016 సవరణ తరువాత పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు.

‘బడి మానేసి ఊరికే తిరిగేకంటే పని నేర్చుకోవడం మేలు కదా’ అనే మాటను మేము తేలికగా కొట్టిపారవేయము. ఆ మాట అనే తండ్రికి ఉన్న భయాలు నిజమైనవి. పదో తరగతి చదివినా కొలువు రాదనీ, చేతిలో పని ఉంటే అన్నానికి లోటు రాదనీ అతని అనుభవం. కాని పని నేర్పడం వేరు, నుసిలో కూర్చోబెట్టడం వేరు. పద్దెనిమిదేళ్లకు పని మొదలుపెట్టినవాడు నలభై ఏళ్లు సంపాదించగలడు. పన్నెండేళ్లకు మొదలుపెట్టి నలభైకే ఆయాసంతో మంచం పట్టినవాడు ఇంటికి బరువవుతాడు. లెక్క చూసినా బడే లాభం. పైగా నేటి రంగుల డబ్బాల మీద కలపవలసిన పాళ్లు, ఆరవలసిన సమయం, హెచ్చరికలు రాసి ఉంటాయి. చదవలేని పెయింటరు వెనకబడుతున్నాడు. చదువు ఈ వృత్తికి శత్రువు కాదు, పెట్టుబడి.

ఖర్చు అనే అభ్యంతరం

‘ఇవన్నీ పెద్ద కంపెనీల షోరూములకు చెల్లుతాయి, రోడ్డు పక్కన రేకుల షెడ్డుకు ఎలా?’ అని యజమానులు అడుగుతారు. వారిలో చాలామంది నిన్నటి పనివారే. వారూ అదే నుసి పీలుస్తున్నారు. భీమా కంపెనీల నగదురహిత మరమ్మతులు తమ జాబితాలోని గ్యారేజీలకు పోతున్నందున వీరి రాబడి తగ్గుతున్నదన్నదీ వాస్తవమే. కాబట్టి అడిగేది ఆచరణకు వీలైనదై ఉండాలి.

కొన్నిటికి ఖర్చే లేదు. ప్రైమరును పొడిగా కాక నీటితో రుద్దడం వాటిలో ఒకటి. ఆ నీరు ఎండి మళ్లీ ధూళి కాకముందే కడిగివేయాలి. ఒంటి మీది దుమ్మును కంప్రెసరు గాలితో ఊదుకునే అలవాటు మానాలి. అది నుసిని మళ్లీ ముక్కులోకే పంపుతుంది. రొట్టె తినే ముందు, టీ తాగే ముందు చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కోవాలి. పని బట్టలు షెడ్డులోనే వదిలి, వేరే బట్టలతో ఇంటికి వెళ్లాలి. వాటిని విడిగా ఉతకాలి.

కొన్నిటికి కొంత ఖర్చున్నది. లప్పం నీటిని పీల్చుకుంటుంది, లోపల తేమ మిగిలి బొబ్బలు లేస్తాయి, తుప్పు పడుతుంది. కనుక దానిని పొడిగానే రుద్దాలని వృత్తి ధర్మం చెబుతుంది. అక్కడ నీరు ఆదుకోదు; నుసిని పుట్టినచోటే లాగివేసే పీల్పు యంత్రం అమర్చిన సాండరే మార్గం. ఒక్కొక్క షెడ్డు కొనలేకపోతే పక్కపక్కనున్న ఐదారు షెడ్లు కలిసి కొని వంతులవారీగా వాడుకోవచ్చు. మస్జిద్ కమిటీలు, బైతుల్‌మాల్‌లు విరాళాలతో ఇలాంటి పనిముట్లు సమకూర్చడం పుణ్యకార్యమే. జకాత్ సొమ్మును ఏ విధంగా వినియోగించవచ్చునో ఉలమాను అడిగి నిర్ణయించుకోవచ్చు.

మాస్కు గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. చేతిరుమాలు ఆపేది పెద్ద దుమ్మునే. నుసికి ఎన్95 రకం కావాలి. రంగు ఆవిరులకు అదీ చాలదు, వేరే రకం వడపోత కావాలి. ముఖానికి బిగుతుగా అతుక్కుంటేనే ఇవి పనిచేస్తాయి. గడ్డం ఉన్న ముఖానికి పూర్తిగా అతుక్కోవు. దీనిని దాచిపెట్టడం మన సోదరులకు మేలు చేయదు. అలాగని ఊపిరితిత్తులా, గడ్డమా తేల్చుకొమ్మని ఎవరూ అనవలసిన పనీ లేదు. తల మీద నుంచి వదులుగా దిగి, లోపలికి శుభ్రమైన గాలిని పంపే ముసుగులు ఉన్నాయి. అవి ఖరీదైనవి కనుకనే ప్రభుత్వ పనిముట్ల సహాయంలో వాటికి చోటు ఉండాలి. అంతకుముందే నుసిని పుట్టకుండా, పుట్టినా లేవకుండా చేయడం మీద ఎక్కువ దృష్టి పెట్టాలి.

ఇక్కడ కారు యజమానులకూ ఒక మాట. మన పాఠకులలో కార్లున్నవారు తక్కువేమీ కాదు. ‘రేపటికల్లా కావాలి, ధర తగ్గించాలి’ అని ఒత్తిడి పెట్టినప్పుడు తగ్గేది రంగు ఖరీదు కాదు, రాపిడి వేళ. తొందరలో ఒక నంబరు వదిలేస్తారు, నీటితో చేయవలసింది పొడిగా చేస్తారు. రంగూ నిలవదు, మనిషీ నిలవడు. పనివాడికి వేతనం ఆలస్యం చేయరాదని దైవప్రవక్త (స) బోధించారని మనం ఉపన్యాసాలలో వింటాము. న్యాయమైన వేతనంలో పని భద్రంగా చేసేందుకు కావలసిన వేళ కూడా చేరి ఉన్నదని మేము భావిస్తాము.

అడగవలసినవి, చేయవలసినవి

ఈ పని ముస్లింలది మాత్రమే కాదు. అన్ని మతాలవారూ, కులాలవారూ ఇందులో ఉన్నారు. నుసి ఎవరి మతమూ అడగదు. అందువల్ల మన కోర్కెలు అందరి తరఫునా ఉండాలి, ఆటోనగర్ల సంఘాలతో కలిసి అడగాలి. వాహనాల రంగులకూ సీసం పరిమితి వర్తింపజేయాలి. రాపిడి, స్ప్రే పనులను ప్రమాదకర వృత్తిగా ప్రకటించి ఒక్క పనివాడున్న షెడ్డుకూ ఈఎస్ఐ ఇవ్వాలి. విశ్వకర్మ పథకంలోనో, రెండు రాష్ట్రాల మైనారిటీ ఆర్థిక సంస్థల పథకాలలోనో డెంటర్లకు, పెయింటర్లకు పనిముట్ల సహాయం కల్పించాలి. జిల్లా ఆసుపత్రి వైద్యులు ఏడాదికొకసారైనా ఆటోనగర్లకు వచ్చి ఊపిరి పరీక్ష, రక్తంలో సీసం పరీక్ష జరపాలి.

ప్రభుత్వం కదిలేవరకు ఆగనవసరం లేని పనులూ ఉన్నాయి. 2021 నుంచి ఉన్న ఈ-శ్రమ్‌లో ప్రతి పనివాడూ తన వృత్తి పేరుతో నమోదు కావాలి. రేపు పరిహారం అడిగే రోజున ‘నేను ఈ పనివాడిని’ అనడానికి అదొక ఆధారం. షెడ్డు యజమానులు ఒక నోటు పుస్తకంలో హాజరు, కూలి రాసి సంతకం చేయించాలి; పనివాడు దానిని ఫోనులో ఫోటో తీసుకోవాలి. ముందే నేర్చిన పనికి పరీక్ష పెట్టి పత్రం ఇచ్చే పద్ధతి ప్రభుత్వ నైపుణ్య పథకాలలో ఉన్నది. బడి మెట్లు ఎక్కని ఉస్తాద్ కూడా దానితో తన విద్యకు గుర్తింపు పొందవచ్చు. గల్ఫుకు పెయింటరుగా వెళ్లే యువకుడు అక్కడ హెల్పరు జీతానికి కుదరకుండా ఉండడానికి ఆ పత్రం అక్కరకు రావచ్చు. మన యువజన సంఘాలు ఒక్కొక్క ఆటోనగర్‌లో వారానికి ఒక పూట కూర్చొని ఈ దరఖాస్తులు నింపి పెట్టినా చాలు. ఇమాములు జుమా ప్రసంగంలో ఐదు నిమిషాలు ఈ నుసి గురించి చెబితే అది చేరవలసిన చెవులకు చేరుతుంది.

రాబోయే నెలలో ఏ ఊరివారైనా తమ ఆటోనగర్‌లో ఎన్ని షెడ్లున్నాయో, ఎందరు పనివారున్నారో, ఎందరు పద్దెనిమిదేళ్ల లోపువారో, ఎందరికి ఈ-శ్రమ్ కార్డు ఉన్నదో, ఎందరు దగ్గుతో బాధపడుతున్నారో లెక్క తీయగలిగితే మాకు పంపవలసిందని కోరుతున్నాము. పేర్లు అక్కరలేదు, అంకెలు చాలు. లెక్క లేనివారి కోసం ఏ ప్రభుత్వమూ పథకం రాయదు. ఆ లెక్కను మనమే మొదలుపెడదాము.